వెలుతురు సూది కింద పడాల

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ఈ సంవత్సరం మన మండలంలో నాలుగు ఊళ్ల సంఘాలు కుట్టు యూనిట్లు పెట్టుకుంటామని అర్జీలు ఇచ్చినాయి. చాలా సంతోషం. పొద్దున్నించి ఆ ఊళ్ల అక్కలు నన్ను ఒకటే అడుగుతా ఉన్నారు. మిషన్లు ఎన్ని తీసుకోవాల, లోను ఎంత వస్తుంది, పీసుకి రేటెంత అని. లైట్లు ఎట్ల పెట్టుకోవాల అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అందుకే మిగతావన్నీ వదిలిపెట్టి లైట్ల గురించే చెప్తానని అధ్యక్షురాలు అక్కను అడిగి ఈ సమయం తీసుకున్నాను. ఇది చిన్న సంగతి అనుకోవద్దండి. మా యూనిట్లో నలుగురు అక్కల బతుకుతెరువు ఈ లైట్ల దగ్గరే ఆగిపోయే కాడికి వచ్చింది.

మన జిల్లా సంగతి మీకు చెప్పేదేముంది. ఏడాదంతా కలిపి అయిదు వందల యాభై మిల్లీమీటర్లు చుట్టుముట్టు వాన పడే నేల ఇది. అది కూడా పడాల్సినప్పుడు పడదు. శెనక్కాయలు వేసి, ఊడలు దిగే టయానికి మబ్బు మొగం చాటేస్తే ఆ ఏడు అంతే. అట్లాంటి ఏళ్లలో రాయదుర్గం, బళ్ళారి జీన్సు పని మా ఊళ్లకు వచ్చింది. కట్టింగు చేసిన గుడ్డ మూటలు ఆటోలో దించిపోతారు, కుట్టినాక వచ్చి ఎత్తుకుపోతారు. వాన పడినా పడకపోయినా పని ఉంటుంది. అందుకే ఆడవాళ్లం పది మంది కలిసి సంఘం లోనుతో పది మిషన్లు తెచ్చుకున్నాం.

షెడ్డు కోసం కొత్తగా కట్టలేదు. ఊళ్లో పాత శెనక్కాయల గోడౌను ఒకటి ఖాళీగా ఉంటే బాడుగకు తీసుకున్నాం. ఇరవై నాలుగు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. పైన బండల కప్పు. ఎత్తు ఎనిమిది అడుగులే. మనం చేయెత్తి నిలబడితే కప్పు ఇంకో మూరెడు దూరంలో ఉంటుంది. కాయలు పోసుకోవడానికి కట్టింది కాబట్టి కిటికీలు రెండే, అవీ చిన్నవి. గోడలు మట్టి రంగుకి తిరిగి ఉన్నాయి. గోడౌను వాళ్లు ఎప్పుడో పెట్టిన పాత ట్యూబు లైట్లు అయిదు, గోడల మీద అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. మీలో చాలామందికి దొరికే షెడ్డు కూడా ఇట్లాంటిదే అయి ఉంటుంది. మట్టి మిద్దె కావచ్చు, రేకుల షెడ్డు కావచ్చు, కప్పు మాత్రం తక్కువ ఎత్తులోనే ఉంటుంది.

జీన్సు గుడ్డ ముదురు నీలం. దాని మీద కొన్ని చోట్ల నీలం దారంతోనే కుట్టాల. నీలం మీద నీలం, మసక వెలుతురులో కనపడదు. కుట్టు పక్కకు పోతుంది, జేబు వంకర పడుతుంది. చెడిన పీసులు తిప్పి పంపుతారు. విప్పి మళ్లీ కుట్టాల, దానికి కూలి లేదు. ఎక్కువైతే ఇచ్చే దాంట్లో కోత పెడతారు. మా పది మందిలో నలుగురు నలభై అయిదు దాటిన అక్కలు. ఎక్కువ పీసులు వాళ్లవే తిరిగొచ్చేవి. చేతిలో పని లేక కాదు. ఊళ్లో అందరికంటే బాగా కుట్టేది వాళ్లే. కానీ సాయంత్రం నాలుగైతే కళ్లు నీళ్లు కారడం, తలనొప్పి, మెడనొప్పి. ఒకక్క అయితే "నాకింక చేతకాదు పాపా, నా మిషను ఎవురికన్నా ఇచ్చెయ్, నేను కూలికి పోతా" అనింది. కంటి చూపు పోయిందేమో అని ఆమె భయం. అప్పటికి లోను కంతులు ఇంకా పద్దెనిమిది నెలలు ఉన్నాయి.

ఆ నెల మీటింగులో మా దగ్గర పొదుపులో పన్నెండు వేలు ఉన్నాయి. దాన్ని పెట్టి పాత ఓవర్‌లాకు మిషను తెద్దామని కొందరు, లైట్లు మార్పిద్దామని కొందరు. "ఇంకో మిషనుంటే ఇంకో నాలుగు పీసులొస్తాయి, లైట్లు ఏమన్నా పీసులు కుడతాయా" అని ఒక చెల్లెలు అడిగింది. న్యాయమైన మాటే. దానికి జవాబు ఒక పెద్దక్క చెప్పింది. "ఉన్న పది మిషన్ల మీద కూర్చున్నోళ్లకు కనపడకుంటే పదకొండోది ఎందుకు" అని. తీర్మానం రాసుకుని లైట్లకే పెట్టినాం.

ఇంక ఎట్లాంటి లైట్లు అనేది. టౌనులో అంగడికి పోతే మొదట చూపించేది ఫోకస్ లైట్లు. యాభై వాట్లవి రెండు పెట్టుకోండి, పెండ్లి పందిరి మాదిరి వెలిగిపోతుంది అంటారు. అంగట్లో వేసి చూపిస్తే నిజంగానే కళ్లు జిగేలుమంటాయి. ఇక్కడే మనం ఆగి ఆలోచించాల. కళ్లు జిగేలుమనడం వేరు, గుడ్డ కనపడటం వేరు. ఎదురుగా వచ్చే లారీ ఫుల్ లైటు వేస్తే వెలుతురు ఎక్కువే కదా, మనకు రోడ్డు కనపడుతుందా? కనపడదు. యాలంటే ఆ వెలుతురు మన కంట్లో పడుతుంది, రోడ్డు మీద పడటం లేదు. ఎనిమిది అడుగుల కప్పుకి ఫోకస్ లైటు కడితే అంతే. ఎత్తైన ఫ్యాక్టరీలో అయితే లైటు ఇరవై అడుగుల పైన ఉంటుంది, మన చూపులోకి రాదు. తక్కువ కప్పు కింద తల కొంచెం ఎత్తితే చాలు, లైటు కంట్లో గుచ్చుకుంటుంది. ఆ తర్వాత తల దించి సూది చూస్తే కాసేపు చీకటే.

అందుకని మొదట రెండు మాటలు తెలుసుకోవాల. ల్యూమెన్ ఒకటి, లక్స్ ఒకటి. భయపడవద్దు, మనకు తెలిసిన లెక్కే. మబ్బు కురిసిన వాన ల్యూమెన్ అనుకోండి. మన చేనులో దిగిన పదును లక్స్ అనుకోండి. మబ్బు ఎంత కురిసినా కొండ మీద, రోడ్డు మీద పడితే మనకు లాభం లేదు. చేనులో ఎంత పదును దిగింది అనేదే విత్తనానికి కావాల. అట్లనే బల్బు ఎంత వెలుతురు ఇస్తుంది అనేది ల్యూమెన్. గుడ్డ మీద ఎంత వెలుతురు పడింది అనేది లక్స్. వాట్లు అంటే ఈ రెండూ కాదు, అది కరెంటు ఎంత తింటుంది అనే లెక్క. పాత వంద వాట్ల బుడ్డి బల్బు ఇచ్చేది పదమూడు వందల ల్యూమెన్ల చుట్టూ. ఇప్పుడు ఇరవై వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబు రెండు వేల ల్యూమెన్లు ఇస్తుంది. అంటే అయిదో వంతు కరెంటుతో ఎక్కువ వెలుతురు. అందుకే అంగట్లో వాట్లు అడగొద్దు, ల్యూమెన్లు అడగండి. డబ్బా మీద రాసి ఉంటుంది.

గుడ్డ మీద ఎంత పడాల? మిషను కుట్టు పనికి సూది దగ్గర 750 లక్స్ ఉండాలని లైటింగు ప్రమాణాల్లో రాసి ఉంది. పీసు తనిఖీ చేసే చోట 1000. షెడ్డు మొత్తానికి 300 దాకా ఉండి, సూది కాడ చిన్న దీపంతో మిగతాది నింపుకుంటే సరిపోతుంది. దీన్ని మన ఎండతో పోల్చి చూడండి. మిట్టమధ్యాహ్నం మన వాకిట్లో ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. బయటినుంచి గోడౌనులోకి వచ్చినోళ్లకు కాసేపు ఏమీ కనపడకపోవడం అందుకే. ఇంకో సంగతి, ఇరవై ఏళ్ల పిల్లకు సరిపోయే వెలుతురు యాభై ఏళ్ల అక్కకు సరిపోదు. వయసు పెరిగే కొద్దీ కంటిలోకి దిగే వెలుతురు తగ్గిపోతుంది. రెండింతలు పైన కావాల్సి వస్తుంది. అది ఆమె తప్పు కాదు, సోమరితనం కాదు.

ఇది కొత్తగా మనం అడిగేది కూడా కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షనులోనే పనిచేసే చోట చాలినంత వెలుతురు ఉండాలని, కళ్లలో గుచ్చుకునే మెరుపు ఉండకూడదని, కంటికి శ్రమ కలిగేటట్టు నీడలు పడకూడదని, కిటికీల అద్దాలు శుభ్రంగా ఉంచాలని రాసినారు. వెలుతురు, మెరుపు, నీడ. ఈ మూడు మాటలు మనసులో పెట్టుకుంటే లైట్ల పని మొత్తం వచ్చినట్టే.

తక్కువ కప్పులో ఎట్ల పంచాల అనేది ఇప్పుడు చెప్తాను. చేనుకి నీళ్లు పెట్టేటప్పుడు ఒకే చోట కాలవ తెంచితే అక్కడ మడుగు, దూరంగా ఎండిపోయిన చాళ్లు. డ్రిప్పు అయితే మొక్క మొక్కకూ చుక్క. లైటు కూడా అంతే. కప్పు తక్కువగా ఉంటే ఒక పెద్ద లైటు కింద మడుగు మాదిరి వెలుతురు, మూలల్లో చీకటి. అందుకే పెద్దవి రెండు వద్దు, చిన్నవి పది పెట్టాల. మా మిషన్లు రెండు వరుసలు, వరుసకు అయిదు, అందరం ఒకే వైపు మొగం పెట్టి ఒకరి వెనక ఒకరం కూర్చుంటాం. ఒక్కో వరుస పైన నాలుగడుగుల ఎల్.ఇ.డి. ట్యూబులు అయిదు, ఒకదాని కొనకు ఒకటి ఆనించి, పొడవునా బిగించినాం. మిషనుకో ట్యూబు అని గుర్తు పెట్టుకోండి. పది ట్యూబులు, ఇరవై వేల ల్యూమెన్లు. గోడలు, దుమ్ము తినేసేది పోగా ఆ షెడ్డుకి 300 లక్స్ పైనే పడుతుంది.

వరుసల మధ్య దూరానికి ఒక లెక్క ఉంది. మిషను బల్ల ఎత్తు రెండున్నర అడుగులు. బల్ల నుంచి పైన లైటు దాకా మాకు అయిదుంబావు అడుగులు వచ్చింది. లైట్ల వరుసకీ వరుసకీ మధ్య దూరం దానికి ఒకటింబావు రెట్లు దాటకూడదు. అంటే ఆరున్నర లోపల. మేము ఆరడుగులు పెట్టినాం. గోడకు మూడు, మధ్యలో ఆరు, అవతల గోడకు మూడు. మీ కప్పు ఇంకా తక్కువ ఉంటే వరుసలు ఇంకా దగ్గరికి రావాల, లేకుంటే మధ్యలో మసక పడుతుంది. ట్యూబును మన చూపు పోయే దిక్కుకే పొడవుగా పెట్టాల. అడ్డంగా పెడితే తల ఎత్తినప్పుడల్లా ట్యూబు పొడవంతా కంట్లో పడుతుంది.

మెరుపు తగ్గాలంటే ట్యూబు మీద పాల రంగు మూత ఉండాల. లోపలి చుక్కలు బయటికి కనపడేవి కొనొద్దు. ఇది మన వాళ్లకు పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లు తరతరాలుగా దీపంతోనే బతికినారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. దీపం తెర వెనక ఉంటేనే బొమ్మ రంగులు తేలుతాయి. దీపం చూసేవాళ్ల కంటికి ఎదురుగా పెడితే బొమ్మే లేదు. ఇప్పుడు వాళ్లు అదే తోలుతో దీపాల బుట్టలు చేసి అమ్ముతా ఉన్నారు. బుట్ట లోపల బల్బు ఎంత మండినా బయటికి మెత్తటి వెలుతురు వస్తుంది. మన ట్యూబుకి పాల మూత చేసే పని అదే. దీపం కనపడకూడదు, దీపం చూపించేది కనపడాల.

తర్వాత నీడ. మీరు మిషను ముందర కూర్చుని చూడండి. మిషను తలకాయ సూదికి కుడి పక్కన ఉంటుంది. లైటు కుడి పక్కనుంచి వస్తే మిషను నీడ సూది మీద పడుతుంది. వెనకనుంచి వస్తే మన తల నీడే పడుతుంది. కాబట్టి లైటు ఎడమ పక్కనుంచి, కొంచెం ముందునుంచి రావాల. మా ట్యూబుల వరుస సూదికి నేరుగా పైన కాకుండా ఒక జానెడు ఎడమకు జరిపినాం. అందుకే ఎలక్ట్రీషియను వచ్చేముందే మిషన్లు ఎక్కడెక్కడ పెట్టాలో నేల మీద సున్నంతో గీసుకోండి. షెడ్డు మధ్య చూసి లైటు బిగించడం కాదు, సూది చూసి బిగించాల.

సూది దగ్గరికి మిషనుకి అయస్కాంతంతో అతుక్కునే చిన్న ఎల్.ఇ.డి. దీపాలు దొరుకుతాయి. రెండు వాట్ల లోపలే. మెడ ఎటు కావాలంటే అటు వంగుతుంది. కంటికి కనపడకుండా సూది మీదికి వంచుకోవాల. దూరం సగానికి తగ్గితే వెలుతురు నాలుగింతలు అవుతుంది. అందుకే అంత చిన్న దీపం కూడా జానెడు దూరంనుంచి అంత బాగా చూపిస్తుంది. అది ఒక్కటే పెట్టుకుని పైన లైట్లు మానేద్దామంటారేమో. అదీ వద్దు. సూది కాడ తెల్లగా, చుట్టూ చీకటిగా ఉంటే కన్ను మాటిమాటికీ సర్దుకోలేక అలసిపోతుంది. రెండూ కావాల.

అన్నిటికంటే అగ్గువలో వచ్చే లైటు ఏందో తెలుసా? సున్నం. తెల్ల గోడ తన మీద పడిన వెలుతురులో ముప్పాతిక భాగం దాకా తిరిగి ఇస్తుంది. మట్టి పట్టిన గోడ, ముదురు రంగు గోడ సగానికి పైగా మింగేస్తుంది. కప్పు తక్కువగా ఉన్న చోట కప్పుకి కూడా తెల్లగా వెయ్యాల. నల్ల బండ కప్పు కింద తెల్ల ట్యూబు వెలుగుతా ఉంటే ఆ తేడాకే కన్ను చెదురుతుంది. అయితే ఒక జాగ్రత్త. సున్నం బట్టకు అంటుతుంది. నీలం జీన్సు మీద తెల్ల మరక పడితే మళ్లీ పీసు తిరిగొస్తుంది. అందుకని కింద నాలుగడుగులు తడిబట్టతో తుడవగలిగే లేత రంగు పెయింటు, దాని పైన, కప్పుకి సున్నం వేయించినాం. కిటికీల బూజు దులిపి, అద్దాలు కడిగినాం. తలుపుకి ఎదురుగా మొగం పెట్టి ఎవరూ కూర్చోకుండా మిషన్లు తిప్పినాం. బయటి ఎండ నేరుగా కంట్లో పడుతుంది కదా. మన పాత మిద్దెల్లో కప్పుకి గవాక్షి పెట్టేవాళ్లు గుర్తుందా? మీరు తీసుకునే ఇంట్లో గవాక్షి ఉంటే మూసేయవద్దు. అద్దం బిగించి ఉంచుకోండి. పగటి పూట అది కరెంటు లేని లైటు.

రంగు గురించి ఒక మాట. డబ్బా మీద 2700, 4000, 6500 అని, పక్కన కె అని ఉంటుంది. 2700 అంటే పసుపు వెలుతురు, ఇంట్లో బువ్వ తినేటప్పుడు బాగుంటుంది. నీలం గుడ్డ దాని కింద నల్లగా కనపడుతుంది. కుట్టు పనికి 4000 గానీ 6500 గానీ తీసుకోండి. షెడ్డంతా ఒకటే రకం ఉండాల. సగం పసుపు, సగం తెలుపు అయితే దారం రంగు ఒక మిషను కాడ ఒకలాగ, ఇంకో మిషను కాడ ఇంకోలాగ అనిపిస్తుంది. సి.ఆర్.ఐ. అని ఇంకో అంకె ఉంటుంది. రంగులు ఉన్నది ఉన్నట్టు కనపడతాయా లేదా అని చెప్పే అంకె. అది 80కి తక్కువ ఉండకూడదు. పట్టు చీర రంగు చూడాలంటే అంగట్లోంచి బయటికి తెచ్చి ఎండలో చూస్తాం కదా, అంగటి లైటు మీద మనకు నమ్మకం లేకనే.

ఎల్.ఇ.డి. మన జిల్లాకు కొత్తది కాదు. 2014లో మన రాష్ట్రంలో పాత బల్బు ఇచ్చి ఎల్.ఇ.డి. తీసుకునే పథకం మొదలుపెట్టినప్పుడు తొలి జిల్లాల్లో అనంతపురం ఉంది. ఒక్కోటి పది రూపాయలకు ఇంటికి రెండు 7 వాట్ల బల్బులు ఇచ్చినారు. చాలామంది ఇండ్లల్లో ఎల్.ఇ.డి. మొదట వెలిగింది అప్పుడే. ఇప్పుడు అంగళ్లలో పేరు లేనివి కూడా కుప్పలుగా ఉన్నాయి. కొనేటప్పుడు బి.ఐ.ఎస్. గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందా చూడండి. ఎంత వోల్టేజి దాకా తట్టుకుంటుందో చూడండి, మన ఊళ్లలో వోల్టేజి ఎక్కుతా దిగుతా ఉంటుంది. రెండేళ్ల గ్యారంటీ అంటే బిల్లు మీద రాయించుకోండి. ఆ బిల్లు సంఘం ఫైలులో పెట్టండి. అంగట్లోనే వెలిగించి ఫోను కెమెరా పెట్టి చూడండి. తెర మీద నల్ల చారలు గట్టిగా కదులుతా ఉంటే ఆ ట్యూబు రెపరెపలాడుతుంది అని అర్థం. మామూలు కంటికి అది తెలియదు గానీ తలనొప్పి తెప్పిస్తుంది. పాత చోకు ట్యూబుల్లో ఈ రెపరెప ఎక్కువ. దాని కింద తిరిగే చక్రం ఒక్కోసారి నిలబడినట్టు కనపడుతుంది. తిరిగే చక్రం నిలిచిందనుకుని చెయ్యి పెడితే ఏమవుతుందో చెప్పక్కరలేదు.

ఫ్యాను సంగతి కూడా ఇందులోనే వస్తుంది. ఎనిమిది అడుగుల కప్పుకి సీలింగు ఫ్యాను పెడితే రెక్కలు తలకు దగ్గరగా తిరుగుతాయి. మూట ఎత్తుకునేటప్పుడు ప్రమాదం. ఫ్యాను పైన లైటు ఉంటే రెక్క తిరిగినప్పుడల్లా వెలుతురు కోస్తా ఉంటుంది, గుడ్డ మీద నీడలు పరుగెత్తుతాయి. గోడ ఫ్యాన్లు పెట్టుకోండి.

వైరింగు దగ్గర పైసలు మిగిలించుకోవద్దు. కప్పు తక్కువ అంటే వైర్లు చేతికి అందుతాయి. చుట్టూ గుడ్డ ముక్కలు, నూలు దుమ్ము. వైరు మొత్తం పైపులో పోవాల. వేలాడే హోల్డర్లు, అతుకు వైర్లు ఉండకూడదు. ఇస్త్రీ పెట్టెకు వేరే లైను, లైట్లకు వేరే లైను వేయించండి. ఒకే లైనైతే ఇస్త్రీ పెట్టినప్పుడల్లా లైట్లు మసక పడతాయి. ఎర్తు కచ్చితంగా ఉండాల. షాకు తగిలిన వెంటనే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. దాని మీదుండే టెస్ట్ బటను నెలకొకసారి నొక్కి చూడండి. పది ట్యూబుల్లో రెండు, లోపలే బ్యాటరీ ఉండే రకం తీసుకున్నాం. కరెంటు పోయిన క్షణంలో చేతిలో కత్తెర, సూది కింద వేలు ఉంటాయి కదా. అది వెలుగుతా ఉంటే చెయ్యి భద్రంగా తీసుకోవచ్చు. ఒక్కో వరుసకు వేరే స్విచ్చు పెట్టినాం. ఇద్దరే పనిచేసే రోజు రెండో వరుస ఆపేస్తాం.

ఖర్చు దాచకుండా చెప్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. ట్యూబులకు 2,500. సూది దీపాలకు 2,000. వైరు, పైపు, బోర్డులకు 2,600. ఆర్.సి.సి.బి. 1,800. ఎలక్ట్రీషియను కూలి 1,500. సున్నం, పెయింటు 900, పని మేమే చేసుకున్నాం. మొత్తం 11,300 రూపాయలు. మనిషికి 1,130 పడింది, నెలకు కొంత చొప్పున పొదుపులోకి తిరిగి కట్టేసినాం. కరెంటు బిల్లు పెరుగుతుందని భయపడినాం. లెక్క చూడండి. పాత ట్యూబు నలభై వాట్లు, చోకు పది, మొత్తం యాభై. అయిదుకి 250 వాట్లు. ఇప్పుడు ట్యూబులు 200, సూది దీపాలు 20, మొత్తం 220. ఎనిమిది గంటలు వేస్తే ముందు రోజుకి రెండు యూనిట్లు, ఇప్పుడు ఒకటిముప్పాతిక. వెలుతురు పెరిగింది, యూనిట్లు తగ్గినాయి.

ఫలితం ఏంది అని అడుగుతారు. తిరిగొచ్చిన పీసులు మా పుస్తకంలో రాస్తాం. లైట్లు మార్చకముందు నెలలో నలభై మూడు వచ్చినాయి. మార్చిన తర్వాత రెండో నెలలో పదిహేడు. అయితే ఇదంతా లైట్ల మహిమే అని చెప్పను. అదే నెలలో ఆ నలుగురు అక్కలకు కంటి పరీక్ష చేయించినాం. ముగ్గురికి దగ్గర చూపు అద్దాలు కావాలన్నారు. నలభై దాటితే అందరికీ వచ్చేదే అది, రోగం కాదు. 2019లో కంటి వెలుగు పథకం మన అనంతపురంలోనే మొదలుపెట్టినారు. ముందు బడిపిల్లలకు చేసినారు. మధ్య వయసు ఆడవాళ్లం మాత్రం మన కన్ను మనమే పట్టించుకోం. ఇంట్లో అందరి తర్వాతనే మన వంతు. లైటు అద్దాల పని చెయ్యదు, అద్దాలు లైటు పని చెయ్యవు. రెండూ ఉంటేనే సూదిలో దారం ఎక్కుతుంది. కూలికి పోతానన్న అక్క ఇప్పటికీ అదే మిషను మీద ఉంది. కొత్తగా వచ్చిన పిల్లలకు జేబు కుట్టడం నేర్పిస్తా ఉంది.

మీ షెడ్డులో ఎట్ల ఉందో తెలుసుకోవడానికి మూడు పరీక్షలు చెప్తాను. రేపే చేసి చూడండి. ఒకటి, చేతి అద్దం ఒకటి సూది కాడ బల్ల మీద పడుకోబెట్టి, మీరు కూర్చునే చోట కూర్చుని చూడండి. అద్దంలో లైటు కనపడితే ఆ మెరుపు మీ కంట్లోకి వస్తా ఉందని అర్థం, లైటు పక్కకు జరపాల. రెండు, తెల్ల కాగితం సూది కింద పెట్టి చూడండి. దాని మీద మీ తల నీడ, మిషను నీడ ముదురుగా పడితే లైటు తప్పు చోట ఉంది. మూడు, మీలో అందరికంటే పెద్దక్కను సాయంత్రం అయిదు గంటలకు కూర్చోబెట్టి నీలం గుడ్డ మీద నీలం కుట్టు వేయమనండి. ఆమెకు కనపడితే అందరికీ కనపడుతుంది. ఫోనులో లక్స్ చూపించే యాప్‌లు కూడా ఉన్నాయి. అంకె కచ్చితంగా ఉండదు గానీ ఒకే ఫోనుతో ముందు, వెనక కొలిస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది. నెలకొకసారి కరెంటు ఆపి ట్యూబుల మీది నూలు దుమ్ము పొడిబట్టతో తుడవండి. మన గాలికి, మన దుమ్ముకి అది తప్పదు.

చివరగా సమాఖ్యను మూడు కోరికలు కోరుతున్నాను. కుట్టు యూనిట్ల లోను అంచనాలో మిషన్ల పక్కనే "లైట్లు, వైరింగు, సున్నం" అని ఒక వరుస తప్పకుండా రాయించాల. షెడ్డు చూడటానికి పోయినప్పుడు సీసీ అక్కలు సాయంత్రం పూట పోవాల, పగలు పోతే అన్ని షెడ్లూ బాగానే కనపడతాయి. నలభై దాటిన సభ్యులకు యూనిట్లో చేరేటప్పుడే కంటి పరీక్ష చేయించాల. ఈ మూడూ ఇవాళ తీర్మానంలో రాస్తే, వచ్చే ఏడు ఇక్కడికి వచ్చే నాలుగు ఊళ్ల అక్కలు కళ్లు తుడుచుకుంటా రారు.

2000లో మన జిల్లాలో వెలుగు పథకం మొదలైనప్పుడు నేను బడికి పోతా ఉన్నాను. మా అమ్మ సంఘంలో చేరి నెలనెలా పొదుపు కట్టింది. ఆ పొదుపే మాకు మిషన్లు తెచ్చింది. వాటిని నడిపేది మన చేతులు, ఆ చేతులకు దారి చూపించేది మన కళ్లు. మిషనుకి నెలనెలా నూనె వేస్తాం కదా, కంటికి కూడా అంత చెయ్యాల.

లైట్ల గురించి ఇంకా అడగాలనుకునే వాళ్లు భోజనాల దగ్గర నన్ను అడగండి. షెడ్డు కొలతలు తెచ్చుంటే ఇక్కడే కూర్చుని గీసుకుందాం.